రాజ్యాంగంపై కోర్టు వరండాలో వినే అపోహలు

శ్రీకాకుళంలో వకీలుగా ఎక్కువగా భూమి కేసులు చూస్తాను. కక్షిదారులు నమ్ముకుని వచ్చే కొన్ని మాటలు ఇవి.

అపోహ: ఆస్తి హక్కు ఎత్తేశారు, సర్కారు భూమి తీసుకుంటే అడిగే దిక్కులేదు.

ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తప్పించింది. అదే సవరణ 300ఎ అధికరణను తెచ్చింది: చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. ఉద్దానం నుంచి ఒక జీడి రైతు వచ్చాడు. తోటలో ఎవరో సున్నం పూసిన రాయి పాతి వెళ్లారు. నోటీసు ఇచ్చారా అని అడిగితే, "సర్కారువాళ్లకు నోటీసేమిటి బాబూ" అన్నాడు. పాలిథిన్ సంచిలోంచి మడతల దగ్గర చిరిగిన పట్టా, శిస్తు రసీదులు తీశాడు. కేసు వేయడానికి అవి చాలు. ఢిల్లీ దాకా పోనక్కరలేదు. 226 అధికరణ కింద మన హైకోర్టులోనే రిట్, అంటే ప్రభుత్వ చర్యపై నేరుగా ఉత్తర్వు కోరే పిటిషన్, వేయవచ్చు.

అపోహ: 2022లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది కాబట్టి అక్కడ భూమి కొనుక్కోవచ్చు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు అప్పటికే బయానా ఇచ్చి ఉంటారు! జిల్లా హద్దులు రాష్ట్ర ప్రభుత్వం మార్చగలదు. కానీ సీతంపేటలాంటి గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాన్ని రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద నిర్ణయించేది రాష్ట్రపతి ఉత్తర్వు. ఆ ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల పేరిట మారితే, అక్కడి భూ బదిలీలను కట్టడి చేసే 1/70 నిబంధన ప్రకారం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: ఆ నిబంధనలోని 'వ్యక్తి' అన్న మాట ప్రభుత్వానికీ వర్తిస్తుందని, అక్కడి ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని చెప్పింది.

అపోహ: సభలో బలముంటే రాజ్యాంగాన్ని ఎలాగైనా మార్చవచ్చు.

సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని, అంటే రాజ్యాంగపు మూల లక్షణాలను తప్ప. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఇది. 13 మంది న్యాయమూర్తుల్లో 7 మంది అటు, 6 మంది ఇటు. అంత సన్నటి దారం మీద నిలిచిన సూత్రం.

అపోహ: విచారణ పేరుతో పోలీసులు ఎన్ని రోజులైనా ఉంచుకోవచ్చు.

22వ అధికరణ ప్రకారం అరెస్టు చేసినవారిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. ముందస్తు నిర్బంధ చట్టాల సంగతి వేరు. ఇంటివాళ్లు మాత్రం మూడో రోజున, ఊరి పెద్దలందరినీ బతిమాలుకున్నాక వస్తారు. ఫీజుకు జంకి ఆగుతున్నారేమో, కస్టడీలో ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగానే ఇస్తుంది.