‘అద్దె గర్భం’ అనే మాటతోనే వచ్చింది తంటా

“మోసిన ఆవిడ రక్తమే కదా పిల్లాడి ఒంట్లో పారేది, మరి ఆవిడ పోలికలు రావా?” సరోగసీ, అంటే ఒకరి బిడ్డను వేరే ఆవిడ తన కడుపులో మోసి కనివ్వడం, ఆ మాట ఎక్కడ వచ్చినా, పెళ్లి భోజనాల దగ్గరైనా సరే, ఆస్పత్రి వెయిటింగ్ హాల్లోనైనా సరే, పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. మా ఇంట్లో వేసింది మా పెద్దమ్మ. తప్పేం లేదు, నవమాసాలు మోయడం, కనడం అనేవి మన భాషలో ఎప్పుడూ జంటగానే వస్తాయి కాబట్టి ఆ ప్రశ్న రావాల్సిందే.

పోలికలు రావు. అసలు ఆవిడ రక్తం పిల్లాడి ఒంట్లో పారదు. కాన్పయ్యాక పడే మాయ ఉంది చూశారా, అది తల్లి శరీరంలో భాగమని చాలామంది అనుకుంటారు, కానీ దాన్ని కట్టుకునేది పిండమే. మాయలోంచి వేర్లలాంటి సన్నటి పోగులు తల్లి రక్తంలో మునిగి ఉంటాయి, ఆ పోగుల లోపల తిరిగేది మాత్రం బిడ్డ రక్తం. మధ్యలో పల్చటి పొర. పిట్టగోడ మీంచి పక్కింటివాళ్లు కూరగిన్నె అందించినట్టు ఆక్సిజన్, గ్లూకోజ్, కొన్ని యాంటీబాడీలు ఇటు వస్తాయి, చెత్త అటు పోతుంది. కొద్దిపాటి కణాలు అటూ ఇటూ దాటుతాయి గానీ రంగు, ముక్కు, బ్లడ్ గ్రూప్ మార్చేంత పని అవి చేయవు. అవన్నీ అండం, వీర్యకణం కలిసిన రోజే తేలిపోతాయి.

సరే, జన్యువుల లెక్క అంతవరకే. అక్కడి నుంచి “అయితే ఆవిడ ఒట్టి గది అన్నమాట, తొమ్మిది నెలలు అద్దెకిచ్చింది” అనే దగ్గరికి వెళ్తారు. పేపర్లు రాసే ‘అద్దె గర్భం’ అన్న మాట నాకు నచ్చనిది ఇందుకే.

ముందు ఇది ఎవరికి అవసరమో చూద్దాం. సుమారు 5 వేల మంది ఆడపిల్లల్లో ఒకరు గర్భసంచి లేకుండానో, సరిగా ఎదగకుండానో పుడతారు. ఎంఆర్‌కెహెచ్ సిండ్రోమ్ అంటారు. చాలామందికి విషయం తెలిసేది పదహారేళ్లొచ్చినా నెలసరి రాకపోయేసరికి. విచిత్రం ఏమిటంటే వాళ్ల అండాశయాలు మామూలుగానే ఉంటాయి, ఎందుకంటే కడుపులో పిండంగా ఉన్నప్పుడు గర్భసంచి ఒక రకం గొట్టాల నుంచి, అండాశయం వేరే కణజాలం నుంచి తయారవుతాయి. ఒకటి లేకపోయినా రెండోది ఉంటుంది. క్యాన్సర్ వల్లో, కాన్పులో రక్తస్రావం ఆగకో గర్భసంచి తీసేసిన వాళ్లదీ ఇదే పరిస్థితి.  

ఇక పని ఎలా జరుగుతుందంటే, మొదటి సగం మామూలు ఐవీఎఫ్, అంటే అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట ల్యాబులో కలపడం. తల్లి కావాలనుకునే ఆవిడ పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు వేయించుకోవాలి, చివరి ఇంజెక్షన్ పడ్డాక 34-36 గంటలకు మత్తు ఇచ్చి సూదితో అండాలు తీస్తారు. ఇక్కడే చాలామంది మనసు విరుగుతుంది. పది అండాలు వచ్చాయంటే పది పిండాలని కాదు, కొన్ని పక్వానికి రావు, కొన్ని ఫలదీకరణ చెందవు, ఐదో రోజుదాకా నిలిచేవి రెండో మూడో ఉండొచ్చు. ఐదో రోజు పిండం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, అయినా అప్పటికే బిడ్డ అయ్యే కణాలు, మాయ అయ్యే కణాలు వేరువేరుగా సర్దుకుని ఉంటాయి. దాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచేస్తే ఇద్దరు ఆడవాళ్ల నెలసరి తేదీలు కలపాల్సిన తలనొప్పి పోతుంది.

రెండో సగం మోసే ఆవిడది. ఆవిడకు కొన్నాళ్లు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఇచ్చి గర్భసంచి లోపలి పొరను దళసరి చేస్తారు, స్కాన్‌లో ఏడెనిమిది మిల్లీమీటర్లు కనిపిస్తే గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ హార్మోన్ మొదలు. ఆ పొర ఎప్పుడు పడితే అప్పుడు పిండాన్ని పట్టుకోదు. ప్రొజెస్టెరాన్ తగిలిన కొన్ని రోజులకు పట్టుకునే వీలు కొద్దికాలం ఉంటుంది, మళ్లీ పోతుంది. అందుకే సరిగ్గా ఐదు రోజులు లెక్కపెట్టి, సన్నటి మెత్తటి గొట్టంతో పిండాన్ని లోపల వదులుతారు. ఐదు పది నిమిషాల పని, మత్తు కూడా సాధారణంగా అక్కర్లేదు. కష్టమంతా తర్వాత. ఈ పద్ధతిలో ఆవిడ అండాశయం అండం విడుదల చేయలేదు కాబట్టి ప్రొజెస్టెరాన్ సొంతంగా తయారు కాదు, మాయ ఆ బాధ్యత తీసుకునేదాకా, అంటే పది పన్నెండు వారాలదాకా, బయటి నుంచి ఇస్తూనే ఉండాలి. పిండాన్ని వదిలిన రెండు వారాల లోపు, గర్భం నిలిచిందో లేదో చూడ్డానికి రక్తపరీక్ష చేస్తారు. అందులో వెతికే హెచ్‌సీజీ హార్మోన్‌ను పంపేది పిండం వైపు కణాలే.

ఇంకోటి, పిండాన్ని వదిలిన రోజే ఆవిడ “2 వారాల 5 రోజుల గర్భిణి”. గర్భాన్ని చివరి నెలసరి నుంచి లెక్కేసే పాత అలవాటు వల్ల వచ్చిన చిత్రం ఇది. ఫైలులో ఆ అంకె చూసి కంగారు పడినవాళ్లున్నారు.

ఇప్పుడు ‘గది’ సంగతికి వస్తా. మామూలు గర్భంలో బిడ్డ జన్యువుల్లో సగం మోసే తల్లివే. ఇక్కడ మోసే ఆవిడ బంధువు కాకపోతే బిడ్డ ఆవిడ శరీరానికి పూర్తిగా పరాయి. అలాంటి పరాయి కిడ్నీ పెడితే శరీరం తిప్పికొట్టేది. పిండాన్ని తిప్పికొట్టకపోవడానికి ఒక కారణం, మాయ కణాలు తమ గుర్తింపు ప్రొటీన్లను చాలావరకు దాచేసి, గర్భసంచిలోని రోగనిరోధక కణాలను శాంతపరిచే వేరే ప్రొటీన్‌ను చూపించడం. ఆవిడ శరీరం ప్రతి వారం ఈ బేరం చేస్తూనే ఉంటుంది, కొన్నిసార్లు ఆ బేరం ఆవిడకే చేటవుతుంది. కెనడాలోని ఆంటారియోలో ఒక్క బిడ్డే పుట్టిన కాన్పుల రికార్డులన్నీ జల్లెడపట్టి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లికి తీవ్రమైన ఆరోగ్య సమస్యలు మామూలు గర్భాల్లో 2.3 శాతం, ఐవీఎఫ్‌లో 4.3 శాతం ఉంటే, సరోగసీలో 7.8 శాతం. రక్తస్రావం, బీపీ పెరగడం వీటిలో ముఖ్యం. కవల పిల్లలైతే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే మన నిబంధనలు ఒక్క పిండాన్నే వదలమంటాయి, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రం మూడు దాకా ఒప్పుకుంటాయి. “ఎలాగూ ఖర్చు పెడుతున్నాం, ఇద్దరు వస్తే పోయె” అని డాక్టర్ని బతిమాలే జంటలు ఈ 7.8 అంకె ఒకసారి చూడాలి.

మోసే ఆవిడ తిండి, బీపీ, షుగర్ కూడా బిడ్డ మీద ముద్ర వేస్తాయి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చినప్పుడు కడుపులో ఉన్న పిల్లలు పెద్దయ్యాక షుగర్ లాంటి జబ్బులకు ఎక్కువ గురయ్యారు. జన్యువులు మారలేదు, అవి పనిచేసే తీరులో తేడా వచ్చింది.

చట్టం ప్రకారం కూడా ఇందులో అద్దె లేదు. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం ప్రకారం మోసే ఆవిడకు వైద్య ఖర్చులు, 36 నెలల బీమా లాంటివి తప్ప డబ్బు ఇవ్వకూడదు. ఆవిడ 25-35 ఏళ్ల మధ్య ఉండాలి, పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి, తన అండం ఇవ్వకూడదు. పిండాన్ని వదిలే క్షణం ముందుదాకా వద్దనే హక్కు ఆవిడకు ఉంది. కోరే జంటలో భార్యకు 23-50, భర్తకు 26-55 ఏళ్లు, వితంతువో విడాకులు తీసుకున్న ఆవిడో అయితే 35-45. చట్టం రాకముందే పిండాలు దాచుకున్న జంటలకు ఈ వయసు లెక్క వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో చెప్పింది. వైద్య అవసరం ఉందని జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, బిడ్డ తల్లిదండ్రులెవరో తేల్చే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ముందే ఉండాలి. డబ్బు తీసుకోకుండా మోసేవాళ్లు ఎంతమంది దొరుకుతారన్నది న్యాయమైన ప్రశ్నే, దానికి చట్టంలో జవాబు లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు కాలిఫోర్నియా లాంటి చోట్ల డబ్బిచ్చే పద్ధతి చట్టబద్ధం, కానీ ఖర్చు లక్ష డాలర్లు దాటడం మామూలే.

ఆ జవాబు లేని చోటే మోసాలు మొదలవుతాయి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక కేసు బయటపడింది. సరోగసీ పేరుతో లక్షలు కట్టిన జంట చేతిలో పెట్టిన బిడ్డ డీఎన్ఏ వాళ్లతో కలవలేదు, వేరేవాళ్ల దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు అన్నారు. పోలికలు చూసి ఇలాంటిది పట్టుకోలేం, పసిగుడ్డు ఎవరిలా ఉంటాడో ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ఒక్కో మాట చెప్తాడు. మన పిండమే వదిలారా, మోస్తున్నది ఎవరు, స్కాన్లు ఎక్కడ తీశారు అని అడగడానికి మొహమాటం వద్దు. బిడ్డ పుట్టాక బుగ్గ లోపల దూదిపుల్లతో రాస్తే చాలు, పరీక్షకు సరిపోయే కణాలు వస్తాయి. సూది కూడా గుచ్చక్కర్లేదు.