సేవ్ ఎక్కడికీ పోలేదు, ముందు ఆ ప్రిఫిక్స్ జోలికి వెళ్లకండి

పోయిన వారం పుత్తూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. అమెరికా నుంచి వాళ్ల బావ తెచ్చిన స్టీమ్ డెక్‌ను (లైనక్స్ మీద నడిచే, చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ మెషీన్) టవల్లో చుట్టి పట్టుకొచ్చాడు. "అన్నా, 70 గంటలు ఆడినా. మొత్తం పోయింది న్నా" అన్నాడు. తిరుపతిలో నా షాపుకి ల్యాప్‌టాప్ హింజులు, కీబోర్డుల పనే ఎక్కువ. లైనక్స్ తెలుసని పేరు పడ్డాక ఈ ఫ్యాన్ గేమ్ (అభిమానులే సొంతంగా చేసి పంచుకునే ఆట) కేసులు కూడా వస్తున్నాయి. ఎక్కువగా ఇదే కథ: సేవ్, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైలు, కనిపించట్లేదని.

అపోహ: గేమ్ ఫోల్డర్ నా దగ్గరే ఉంది, కాబట్టి సేవ్ కూడా ఉన్నట్టే.

వాస్తవం: ఆర్పీజీ మేకర్ ఎక్స్‌పీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా చేసిన గేమ్ అయితే నిజమే, సేవ్ గేమ్ ఫోల్డర్‌లోనే పడుతుంది. కొంప ముంచేది ఆ అలవాటే. మనవాళ్లు ఆడే పోకెమాన్ ఫ్యాన్ గేమ్‌లు చాలావరకు ఆ ఎక్స్‌పీ కోసమే తయారైన 'పోకెమాన్ ఎసెన్షియల్స్' కిట్ మీద చేసినవి. అవి సేవ్‌ను విండోస్ యూజర్ ఫోల్డర్‌లో రాస్తాయి. పాతవైతే 'సేవ్డ్ గేమ్స్'లో, కొత్తవైతే 'యాప్‌డేటా' లోపలి 'రోమింగ్'లో. మరి లైనక్స్‌లో విండోస్ యూజర్ ఫోల్డర్ ఎక్కడిది? విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్, ప్రోటాన్‌లు 'ప్రిఫిక్స్' అనే ఫోల్డర్ పెట్టుకుంటాయి. దాని లోపల ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ ఉంటుంది, అందులో.

ఈ కుర్రాడు కొత్త వెర్షన్ జిప్ దించుకున్నాడు. స్టీమ్‌లో పాత షార్ట్‌కట్ తీసేసి కొత్త ఫోల్డర్‌తో మళ్లీ చేర్చాడు. కొత్త షార్ట్‌కట్‌కి కొత్త నంబరు, ఆ నంబరుతో స్టీమ్ ప్రిఫిక్స్‌లు పెట్టే 'కంపాట్‌డేటా' ఫోల్డర్‌లో కొత్త ప్రిఫిక్స్, అందులో ఖాళీ సీ డ్రైవ్. గేమ్ తెరిస్తే 'కంటిన్యూ' లేదు, గుండె ఆగినంత పనైంది. నిజానికి పాత ప్రిఫిక్స్ చెక్కుచెదరలేదు. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి, కంట్రోల్ హెచ్ కొట్టి దాగిన ఫోల్డర్లు చూపించి, కంపాట్‌డేటాలో తేదీల వారీగా వెతికితే పది నిమిషాల్లో దొరికింది. డ్రైవ్ సీ, యూజర్స్, స్టీమ్‌యూజర్, ఆ లోపలే ఉంది. దాన్ని కొత్త ప్రిఫిక్స్‌లో అదే చోట పెట్టా.

ఇంట్లో కూర్చుని భయపడి ఉంటే పోయేది ఏమీ లేదు. కానీ మనవాళ్లు అలా కూర్చోరు. ఎవడో వీడియోలో "ఏ సమస్య వచ్చినా ప్రిఫిక్స్ డిలీట్ కొట్టండి బ్రో, సెట్ అవుతుంది" అంటాడు. అవుతుంది. సేవ్‌తో సహా! ఆ సలహా ఇచ్చేవాళ్లను పిలిచి మా షాపు బల్ల ముందు ఒక రోజు కూర్చోబెట్టాలని ఉంటుంది.

ఇంత గట్టిగా అరవడానికి కారణం నేనూ ఆ పని చేసినవాణ్ణే కావడం. 2020 లాక్‌డౌన్‌లో వైన్‌లో అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తుంటే, ఒక రాత్రి చిరాకేసి హోమ్‌లోని డాట్ వైన్ ఫోల్డర్‌ను (వైన్ మామూలుగా పెట్టుకునే ప్రిఫిక్స్ అదే) మొత్తం చెరిపేశా. అక్షరాలు బాగైపోయాయి. ఎనిమిదో బ్యాడ్జ్ దాకా వచ్చిన ఆట గంగపాలు. మా ఆవిడ "పోతే పోయిందిలే, అన్నం చల్లారిపోతోంది రా" అంది. ఆ రోజు తిన్నది ఒంటబట్టలేదు.

ఇంకో మెలిక. వైన్ వదిలేసి, ఎక్స్‌పీ గేమ్‌లను నడిపే ఎంకేఎక్స్‌పీ-జెడ్ అనే ఇంజిన్ మీద నేరుగా లైనక్స్‌లో నడిపితే సేవ్ చోటు మళ్లీ మారుతుంది. హోమ్‌లో డాట్ లోకల్, షేర్ లోపల గేమ్ పేరుతో ఫోల్డర్ వెతకండి. "స్టీమ్ క్లౌడ్‌లో ఉంటుంది కదన్నా" అంటారు. ఉండదు. బయటి నుంచి చేర్చిన గేమ్‌కి స్టీమ్ క్లౌడ్ వర్తించదు.

మిగతా అపోహలు చకచకా చెప్పేస్తా.

"గేమ్ నత్తనడక నడుస్తోంది, మెషీన్ పవర్ చాల్లేదు." ఎసెన్షియల్స్ గేమ్ తెర అసలు 512×384. స్క్రిప్టులు రూబీలో, దాదాపు ఒకే కోర్ మీద నడుస్తాయి. గ్రాఫిక్స్ సెట్టింగులతో కుస్తీ పట్టి లాభం లేదు.

"ఫైల్ దొరకలేదు అంటోంది, డౌన్‌లోడ్ పాడైంది." ఆర్పీజీ మేకర్ ఎంవీలో చేసిన గేమ్‌ను లైనక్స్‌లో నేరుగా నడిపితే, బొమ్మ పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉన్నా దొరకదు. విండోస్ ఆ తేడా పట్టించుకోదు. పేరు సరిచేయండి చాలు, మళ్లీ దించుకుని డేటా ఖర్చు చేసుకోకండి.

"2003 ఇంజిన్ గేమ్‌కి కూడా వైన్ కావాలి." ఆర్పీజీ మేకర్ 2000, 2003 వాటికి ఈజీఆర్పీజీ ప్లేయర్ చాలు. పోర్ట్‌మాస్టర్ (గేమ్‌లు ఎక్కించుకునే టూల్) ఉన్న చిన్న హ్యాండ్‌హెల్డ్‌లలోనూ వస్తుంది. అది ఎక్స్ఈ ఫైలును నడపదు, గేమ్ డేటాను తనే చదువుకుంటుంది. ఫైళ్ల జపనీస్ పేర్లు పిచ్చి గీతల్లా వస్తే జిప్‌ను సీపీ932 అనే జపనీస్ అక్షరాల ఎన్‌కోడింగ్‌తో విప్పండి.

టెలిగ్రామ్‌లో తిరిగే "ఫ్యాన్ గేమ్ ఏపీకే" గురించి అడగొద్దు. ఫోన్‌లో ఆడాలంటే జాయ్‌ప్లే అనే యాప్ ఉంది. విండోస్ డీఎల్‌ఎల్‌లను (విండోస్‌కే పనికొచ్చే కోడ్ ఫైళ్లు) నేరుగా పిలిచే స్క్రిప్టులుంటే అక్కడ మొరాయిస్తుంది, అంతే.

పుత్తూరు కుర్రాడు "ఎంతన్నా?" అని జేబు తడుముకున్నాడు. చెయ్యి ఊపేశా. సేవ్ కాపీ వేసుకెళ్లిన 8 జీబీ పెన్ డ్రైవ్‌కి మాత్రం డబ్బులు తీసుకున్నా.