సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: అపోహలు - వాస్తవాలు

రాయగడలో నాకు కార్ల గ్యారేజీ ఉంది. గుణుపురం నుంచి ఫోను వచ్చినా, కొరాపుట్ నుంచి వచ్చినా, కింద పార్వతీపురం నుంచి వచ్చినా మాట ఒకటే: "అన్నా, సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు." ఆ వెంటనే రోగం పేరూ వాళ్లే చెప్పేస్తారు. పరీక్ష చేయకముందే మందు రాసుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: సెల్ఫ్ తిరిగిందంటే బ్యాటరీ బాగున్నట్టే.

బలహీనమైన బ్యాటరీతోనూ సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఇంజన్ కంప్యూటరుకు అంత ఓపిక లేదు, వోల్టేజీ పడిపోతే అది పనిచేయదు. నిండుగా చార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటరు 9.6 కిందికి జారితే బ్యాటరీని, దాని ఎర్త్ వైరును అనుమానించాలి. చలికాలం తెల్లవారుజామున కొండ మీది ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ఇవే ఎక్కువ.

అపోహ: నలుగురు తోస్తే అదే స్టార్ట్ అవుతుంది.

సెల్ఫ్ చేసే పనినే మనుషులు చేయడం అది. సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నప్పుడు తోసి ఒరిగేదేమీ లేదు. పైగా పెట్రోలు బండిలో కాలని పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి, ఇంజన్ అందుకున్నాక అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. దాని ధర విన్నాక ఎవరూ తోయరు.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో అదే చెబుతుంది.

బండి కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే యంత్రమది. తేడా ఏ సర్క్యూట్‌లో ఉందో చెబుతుంది, అంతవరకే. పీ0335 కోడ్ వచ్చిందంటే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని కంప్యూటరుకు చెప్పేది) సర్క్యూట్‌లో లోపం ఉంది. అది సెన్సర్ కావచ్చు, వైరు కావచ్చు, కనెక్టర్ కావచ్చు. మరోచోట కొత్త సెన్సర్ వేయించుకున్నా అదే కోడ్‌తో ఒక కారు మా దగ్గరికి వచ్చింది. ధాన్యం గోదాము పక్కన నిలిపే బండి అది. వైర్ల మీది తొడుగు విప్పితే, ఎలుక కొరికిన చోట ఒక తీగ రాగి తేలి, చిలుము పట్టి, రెండు పోగుల మీద వేలాడుతోంది. కొత్త సెన్సర్ డబ్బు దండగ.

కోడ్ లేకపోతే లోపం లేదనుకోవడమూ పొరపాటే. నేను కోడ్ కంటే ముందు లైవ్ డేటా, అంటే స్కానర్ తెర మీద ఆ క్షణపు రీడింగులు, చూస్తాను. సెల్ఫ్ కొడుతుంటే తెర మీద ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) 200 దరిదాపుల్లో కదలాలి. ఇంజన్ తిరుగుతున్నా అక్కడ సున్నాయే ఉంటే, ఆ తిరిగే సంగతి కంప్యూటరుకు చేరడం లేదన్నమాట. అలాంటప్పుడు చాలా బండ్లలో అది స్పార్కూ ఇవ్వదు, ఇంధనం చిమ్మే ఇంజెక్టరూ తెరవదు. కామన్ రైల్ డీజిల్ బండి అయితే రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, ఒత్తిడి చూడాలి. చాలా ఇంజన్లలో అది 150 నుంచి 250 బార్ దాకా లేవనిదే ఇంజెక్టర్లు పనిచేయవు. పంపు నిక్షేపంగా ఉన్నా, ఒక్క ఇంజెక్టర్ డీజిల్‌ను రిటర్న్ గొట్టంలోకి వదిలేస్తుంటే ఆ ఒత్తిడి నిలవదు.

అపోహ: స్టార్ట్ కాలేదంటే పెట్రోలు పంపు పోయినట్టే.

తాళం ఆన్ చేసి, చెవి రిక్కించి వినండి. చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు కింది నుంచి రెండు సెకన్లపాటు సన్నని మోత వస్తుంది. రాకపోతే ముందు పంపుకు కరెంటు ఇచ్చే ఫ్యూజు, రిలే (కరెంటు స్విచ్చు) చూడాలి. పంపు సంగతి ఆ తర్వాత.

అపోహ: తాళంలో సెల్ అయిపోతే ఇంజన్ స్టార్ట్ కాదు.

సెల్ కావలసింది రిమోట్‌కు. వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ చిప్‌కు అక్కర్లేదు. బటన్ స్టార్ట్ బండ్లలో చాలావాటికి తాళాన్ని బటన్‌కే ఆనించి నొక్కితే సరిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం కొట్టుకుంటూనే ఉంటే ఇంట్లో ఉన్న రెండో తాళం తెచ్చి చూడండి.

అపోహ: ఎలాగూ తిరుగుతోంది కదా, కొడుతూ ఉంటే ఎప్పటికో అందుకుంటుంది.

పది సెకన్లకు మించి కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోవచ్చు. మామూలు కంటే తేలికగా, వేగంగా తిరుగుతుంటే టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులను నడిపే పట్టీ) తెగిందేమో చూడాలి, వెంటనే ఆపండి. నాగావళి పొంగినప్పుడు నీళ్లలో ఆగిన బండికైతే ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్లో చేరిన నీరు అణగదు, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బ్యాటరీ వైరు తీసేసి, బండిని లాగించుకు రండి.