36 సంస్థలు ఏడైతే? ఒంటారియో కన్జర్వేషన్ అథారిటీల విలీనంపై అపోహలు - వాస్తవాలు

కెనడాలోని ఒంటారియోలో నదుల వారీగా పనిచేసే 36 కన్జర్వేషన్ అథారిటీలను ఏడు పెద్ద సంస్థలుగా కలపాలని 2025 అక్టోబరులో ప్రావిన్సు ప్రభుత్వం ప్రతిపాదించింది. నేను అలాంటి ఒక అథారిటీలోనే వరద అంచనాల పనిలో ఉన్నాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లంతా నన్ను దీని గురించే అడుగుతున్నారు.

అపోహ: ఇవి పార్కులు చూసుకునే సంస్థలు.
వాస్తవం: పార్కులూ చూస్తాం, కానీ అసలు పని నీళ్లతో. 1954 అక్టోబరులో హరికేన్ హేజెల్ ఒంటారియోలో 81 మందిని బలిగొంది. టొరంటోలో హంబర్ నది ఒడ్డున రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధిలోనే 35 మంది పోయారు. ఇప్పుడు అక్కడ ఉన్నది పార్కే. అలాంటి చోట మళ్లీ ఇళ్లు లేవకుండా చూడటమే మా ఉద్యోగం.

అపోహ: 36 సంస్థలంటే 36 రకాల రూల్స్.
వాస్తవం: ఒకప్పుడు నిజమే. 2024 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఒకటే రెగ్యులేషన్, 41/24. ఇక ముంపు గీత అంటారా, దక్షిణాన చాలా చోట్ల హేజెల్ నాటి వాన, అంటే 48 గంటల్లో 285 మిల్లీమీటర్లు, ఆ నది మీదే కురిస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో లెక్కగట్టి గీస్తాం. ఉత్తరాన 1961లో టిమిన్స్‌లో కురిసిన వానే కొలమానం. తూర్పున నూరేళ్ల వరద, అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉన్న వరద. ఈ తేడాలు వాతావరణం వల్ల వచ్చినవి, ఆఫీసులు కలిపితే పోవు.

ముంపు ప్రాంతాల్లో కట్టడాలకు మేమిచ్చే పర్మిట్లు ఆలస్యమవుతున్నాయన్న ఫిర్యాదును మాత్రం నేను కొట్టిపారేయను. ఒక్క ఇంజనీరే ఉన్న చిన్న సంస్థలో ఆయన సెలవు పెడితే ఫైలు ఆగిపోతుంది. అక్కడ విలీనం నిజంగా మేలు చేయగలదు.

అపోహ: విలీనం అంటేనే నాశనం.
వాస్తవం: టొరంటో అథారిటీ 1957లో నాలుగు సంస్థల కలయికతోనే పుట్టింది. గ్రాండ్ నది మీదున్న రెండు సంస్థలు 1966లో ఒకటయ్యాయి. రెండు చోట్లా ఒకే నదినో, పక్కపక్కనే పారే నదులనో కలిపారు. అందుకే నిలబడ్డాయి.

అపోహ: ప్రావిన్సు ఖజానాకు బోలెడు ఆదా.
వాస్తవం: మా ఖర్చులో ఎక్కువ భాగం మున్సిపాలిటీలు ఇచ్చే సొమ్మూ, మేం వసూలు చేసుకునే ఫీజులే. కాబట్టి ప్రావిన్సుకు మిగిలేది పెద్దగా ఉండదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉండగా ఊరూరా సిబ్బంది ఎందుకు?
వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. చలికాలమంతా మా వాళ్లు మంచులోకి గొట్టం దించి, తూకం వేసి, అందులో ఎంత నీరుందో కొలుస్తారు. ఆ కొలతలు లేకపోతే వరదను అంచనా వేసే కంప్యూటర్ మోడల్ గుడ్డిది. ఆఫీసు ఎక్కడికి మారినా నదిని ఎరిగిన మనిషిని నది దగ్గరే ఉంచాలి. ఒక మార్చిలో తెల్లవారుజామున నదిలో నీటి ఎత్తు కొలిచే గేజ్‌లో నీటిమట్టం ఉన్నట్టుండి పెరిగింది. వాన లేదు, ఎగువన ప్రవాహమూ పెరగలేదు. సెన్సర్ పాడైందనుకున్నాను. ఫోన్ చేస్తే మా ఫీల్డ్ టెక్నీషియన్ పడక మీది నుంచే, "సెన్సర్ కాదండీ, కింద పాత వంతెన దగ్గర మంచుగడ్డలు ఇరుక్కుని ఉంటాయి. నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి" అన్నాడు. వెళ్లి చూస్తే అదే. ఒడ్డునున్న ఇళ్లవాళ్లు తెల్లారేలోపే బయటికి వచ్చేశారు.