పాత గేముకు సొంత సర్వర్: దుకాణంలో రోజూ వినే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

నెల్లూరు వేదాయపాళెంలో నాది కంప్యూటర్ల మరమ్మతు దుకాణం. ఒకప్పుడు అదే గదిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. అప్పట్లో గంటల లెక్కన డబ్బు కట్టి కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట ఆడిన కుర్రాళ్ళు ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డారు. "అన్నా, మళ్ళీ మనవాళ్ళం మాత్రమే ఆడుకోవాలి, ఒక సర్వర్ పెట్టించు" అంటూ అప్పుడప్పుడూ వస్తుంటారు. వాళ్ళకు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది గానీ అపోహలు మాత్రం చెక్కుచెదరలేదు.

అపోహ: కంపెనీ సర్వర్లు మూసేసింది కాబట్టి ఆ ఆట పని అయిపోయింది.

చాలా ఆటల్లో కంపెనీ నడిపేది మాస్టర్ సర్వర్‌ను. అది పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. ఫలానా చోట ఆట జరుగుతోందని చిరునామా చూపించి తప్పుకుంటుంది. కాపురమంతా గేమ్ సర్వర్‌దే. ఇలా జాబితా చూపించే గేమ్‌స్పై అనే సేవ 2014 మే 31న మూతపడినప్పుడు ఎన్నో పాత ఆటల్లో సర్వర్ల జాబితా ఖాళీగా కనిపించింది. అయినా ఐపీ చిరునామా (నెట్‌లో కంప్యూటర్‌కు ఉండే నంబరు) నేరుగా కొట్టగలిగే ఆటలు నడుస్తూనే ఉన్నాయి. లాగిన్ కోసం కంపెనీ అనుమతి తప్పనిసరి అయిన ఆటల సంగతి వేరు. వాటి జోలికి నేను వెళ్ళను.

అపోహ: సర్వర్ అంటే పెద్ద మిషన్ కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి.

గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. సర్వర్ బొమ్మ గీయదు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి తూటా ఎవరికి తగిలింది అని లెక్క రాసుకునే గుమాస్తా అది. అటక మీద పడేసిన కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్‌తో ఇరవై మందిని ఆడించాను. కౌంటర్ స్ట్రైక్ సర్వర్ ప్రోగ్రామ్‌ను ఆ ఆట కంపెనీ వాల్వే, స్టీమ్‌సీఎండీ అనే తన డౌన్‌లోడ్ సాధనం ద్వారా ఉచితంగా ఇస్తుంది. అందులో ఈ సర్వర్ ప్రోగ్రామ్ అప్లికేషన్ నంబరు 90. దీనికో పాత జబ్బు ఉంది: మొదటిసారి సగమే దిగి ఆగిపోతుంది. అదే కమాండ్ రెండు మూడు సార్లు ఇస్తే గానీ పూర్తి కాదు. ఇది తెలియక విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించుకున్నవాళ్ళు ఉన్నారు.

అపోహ: 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే పింగ్ తగ్గుతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఎంబీపీఎస్ అంటే రోడ్డు వెడల్పు, పింగ్ అంటే ప్రయాణానికి పట్టే సమయం. ముందు వెడల్పు ఎంత కావాలో చూద్దాం. నేను ఒక్కో ఆటగాడికి సెకనుకు 25,000 బైట్లు పరిమితి పెడతాను. ఇరవై మందికి 5 లక్షల బైట్లు, అంటే 4 ఎంబీపీఎస్. అదీ అప్‌లోడ్‌లో. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే డౌన్‌లోడ్ వేగంతో మనకు పెద్దగా పని లేదు.

ఇక సమయం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి రోడ్డు మార్గాన సుమారు 175 కిలోమీటర్లు. ఫైబర్ కూడా అంతే దూరం నడిచిందనుకుంటే, పోయి రావడానికి రెండు మిల్లీసెకన్లు చాలు. కానీ ప్యాకెట్ (నెట్‌లో పోయే సమాచారపు మూట) మనం అనుకున్న దారిన పోదు. మాగుంట లేఅవుట్‌లో ఎదురెదురు ఇళ్ళలో ఉండే ఇద్దరు మిత్రులు ఒకసారి గొడవపడి నా దగ్గరికి వచ్చారు. ఇద్దరి కనెక్షన్లూ వేరు వేరు సంస్థలవి. ప్యాకెట్ ఏ దారిన పోతోందో చూపించే ట్రేస్‌రూట్ కమాండ్ కొట్టి చూస్తే, ఒకరి ప్యాకెట్ చెన్నై దాటి ముంబై దాకా వెళ్ళి, అక్కడ రెండో సంస్థ చేతికి అంది, మళ్ళీ వెనక్కి వచ్చి వీధి అవతలి గుమ్మం ఎక్కుతోంది. పిలిస్తే పలికే దూరం, పింగ్ మాత్రం 48 మిల్లీసెకన్లు. ప్లాన్ పెంచినా అది తగ్గదు. ఇద్దరినీ ఒకే సంస్థ కనెక్షన్‌కు మార్చితే 6కు దిగింది.

ఇంట్లో సర్వర్ పెట్టుకున్నవాడికి పింగ్ దాదాపు సున్నా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నట్టు, గెలుపు వాడిదే. పందెం కాసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అపోహ: రూటర్‌లో 27015 పోర్టు (ఆట సర్వర్‌కు వచ్చే తలుపు నంబరు) తెరిస్తే అందరూ వచ్చేస్తారు.

పదేళ్ళ క్రితం అయితే అవును. ఇప్పుడు చాలా ఇంటి కనెక్షన్లు సీజీనాట్ వెనక, అంటే ఎన్నో ఇళ్ళకు కలిపి ఒకే బయటి ఐపీ ఇచ్చే పద్ధతి వెనక ఉంటాయి. అపార్ట్‌మెంట్ అంతటికీ వీధిలో ఒకే గేటు నంబరు ఉన్నట్టు. పోస్టుమ్యాన్ గేటు దాకా వస్తాడు గానీ మన ఫ్లాట్ ఏదో తెలియక వెనక్కి వెళ్తాడు. మన రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా అది మన ఫ్లాట్ తలుపే, వీధి గేటు కాదు.

పరీక్ష సులభం. రూటర్ పేజీలో వ్యాన్ (WAN, అంటే బయటి నెట్ వైపు) చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సీజీనాట్ ఖాయం. వేరే అంకెలున్నా, బయటి సైట్లు చూపించే మీ చిరునామాతో అది కలవకపోతే దాదాపు అదే సంగతి. విరుగుడుకు మూడు దారులున్నాయి. నెలకు కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత బయటి చిరునామా) తీసుకోవడం ఒకటి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో క్లౌడ్‌లో చిన్న మిషన్ అద్దెకు తీసుకోవడం రెండోది. అందరినీ జీరోటియర్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలపడం మూడోది. పది మంది లోపు స్నేహితులైతే నేను మూడోదే చెబుతాను. ఖర్చు ఉండదు, బయటివాడికి సర్వర్ కనిపించనే కనిపించదు.

ఇంకో చిక్కు. బయటివాళ్ళందరూ చేరతారు, సర్వర్ పెట్టినవాడు మాత్రం చేరలేడు. చాలా ఇళ్ళ రూటర్లు లోపలినుంచి బయటి ఐపీకి వెళ్ళి తిరిగి లోపలికి రానివ్వవు. ఇంట్లో ఉన్నవాడు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా కొట్టుకోవాలి. ఈ ఒక్క మాట కోసం అర్ధరాత్రి నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు.

అపోహ: పాస్‌వర్డ్ పెట్టాను, ఇక భయం లేదు.

ఏ పాస్‌వర్డ్? ఆటలోకి రావడానికి ఒకటి, సర్వర్‌ను శాసించడానికి ఆర్‌కాన్ పాస్‌వర్డ్ మరొకటి. ఈ ఆర్‌కాన్ మాట నెట్‌లో ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తుంది, దారిలో చూసేవాడికి చదువుకోవడమే పని. కావలి కుర్రాడొకడు ఆ రెండింటికీ తన బైకు నంబరే పెట్టాడు. ఒక రాత్రి ఎవరో లోపలికి దూరి, 800 ఉండాల్సిన గ్రావిటీని 100కు దించారు. ఒక్క గంతు వేస్తే డస్ట్ 2 మ్యాపు గోడల మీదుగా జనం గాలిపటాల్లా తేలిపోయారు. మొదటి పది నిమిషాలు వాళ్ళకు భలే నచ్చిందట.

క్వేక్ 3 అనే మరో పాత తుపాకుల ఆట సర్వర్ అయితే ఇంకా జాగ్రత్త. చిన్న ప్రశ్నకు అది పెద్ద జవాబిస్తుంది. క్వేక్ ప్రోటోకాల్‌తో దాడి సుమారు 64 రెట్లు పెంచవచ్చని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం 2014లోనే హెచ్చరించింది. ముక్కూ మొహం తెలియని మూడోవాడి చిరునామాతో ప్రశ్నలు పంపి, ఆ పెద్ద జవాబులన్నీ వాడి మీద పడేలా మీ సర్వర్‌తో వాణ్ణి కొట్టిస్తారు.

అపోహ: ఇరవై ఏళ్ళ నాటి ఆట, హక్కులు ఎప్పుడో పోయాయి.

పోలేదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగా చూస్తుంది, రక్షణ అరవై ఏళ్ళ లెక్కన నడుస్తుంది. క్వేక్ 3 ఇంజిన్ కోడ్‌ను 2005లో జీపీఎల్ కింద (ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఉచిత లైసెన్సు) విడుదల చేశారు గానీ మ్యాపులు, శబ్దాలు అందులో లేవు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపాన్ని నడిపిన నోస్టాల్రియస్ సర్వర్‌ను కంపెనీ నోటీసుతో 2016 ఏప్రిల్‌లో మూసేయాల్సి వచ్చింది. తర్వాత 2019లో ఆ కంపెనీయే క్లాసిక్ పేరుతో పాత ఆటను తెచ్చింది. కంపెనీయే సర్వర్ ప్రోగ్రామ్ ఇచ్చే ఆటలతో ఈ బెడద లేదు. ఆట కాపీ మాత్రం ఎవరిది వారు కొనుక్కోవాలి.

అపోహ: ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆట ఆగదు.

కంప్యూటర్‌కు ఉంది, సరే. గోడ మీది ఫైబర్ డబ్బా ఏ ప్లగ్గులో ఉందో చూశారా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు నా సర్వర్ ఒక్క నిమిషం ఆగలేదు. వీధిలో తీగ తెగి మూడు రోజులు ఒక్కడూ దానిలోకి రాలేదు.

అపోహ: సర్వర్ అన్నాక రాత్రింబవళ్ళు నడవాలి.

అరవై వాట్ల మిషన్ ఆపకుండా నడిస్తే నెలకు 43 యూనిట్లు. రోహిణి కార్తెలో ఆ గది సంగతి చెప్పనే అక్కర్లేదు. మాది శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు తెరిచి పన్నెండింటికి మూసేస్తాం. డల్లాస్‌లో ఉన్నవాడికి వేసవిలో అప్పుడు ఉదయం పదకొండు. దాదాపు 15 వేల కిలోమీటర్ల దూరం, కాంతికే పోయి రావడానికి 150 మిల్లీసెకన్లు. వాడి పింగ్ 270కి తగ్గదు. ముందు చచ్చేదీ వాడే, ఉప్పుటూరు ఊరగాయ గురించి చాట్‌లో టైపు చేస్తూ చివరిదాకా కూర్చునేదీ వాడే.