గ్రాప్లింగ్ పోటీ: అపోహలు - వాస్తవాలు

పోటీ తేదీ జిమ్ బోర్డు మీద రాసిన రోజు నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అన్నా, నేను రెడీనా?" "అన్నా, మూడు కిలోలు తగ్గితే కింది కేటగిరీలో పడతా, తగ్గమంటవా?" "నా బ్రాకెట్‌ల ఒకడు చిన్నప్పటి నుంచి కుస్తీ పట్టినోడంట, ఎట్లన్నా?" హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా ఈ ఆట నేర్చుకుంటున్నాను, అందులో ఐదేళ్లుగా నేర్పుతున్నాను కూడా. ఏటా ఇవే ప్రశ్నలు. వీటిలో సగం అపోహలు ఒకప్పుడు నేను నమ్మినవే కాబట్టి ఎవర్నీ వెక్కిరించే హక్కు నాకు లేదు.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క. సబ్మిషన్ గ్రాప్లింగ్ అంటే గుద్దులు, తన్నులు లేని పోరు. పడగొట్టాలి, కింద పట్టు సంపాదించాలి, చివరికి ఏదో ఒక కీలుకో మెడకో లాక్ వేసి ఎదుటివాడి చేత "చాలు" అనిపించాలి. ఆ "చాలు"ని చేత్తో తట్టి చెబుతాం. అదే ట్యాప్.

అపోహ: ఇంకో ఏడాది గట్టిగా ప్రాక్టీస్ చేసి అప్పుడు వెళ్తా

ఆ ఏడాది అయ్యాక ఇంకో ఏడాది అంటారు. వైట్ బెల్ట్ (మొదటి మెట్టు) విభాగం పెట్టిందే మీలాంటివాళ్ల కోసం. భయపడకుండా ట్యాప్ చేయడం, దెబ్బ తగలకుండా పడటం, మౌంట్ (ఎదుటివాడు ఛాతీ మీద ఎక్కి కూర్చోవడం) కింద నుంచీ సైడ్ కంట్రోల్ (పక్కనుంచి మీద పడి ఒత్తడం) కింద నుంచీ బయటపడే దారులు ఒకటి రెండు వస్తే చాలు. మా దగ్గర ఆరేడు నెలలకు అంతవరకు వస్తారు. రాకపోతే పంపను, ఎంత బతిమాలినా సరే.

అపోహ: టెక్నిక్ ఉంటే బలంతో పనే లేదు

దీని మూలం అందరికీ తెలిసిందే. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగిన, గుద్దులూ తన్నులూ పట్లూ అన్నీ చెల్లే పోటీ అయిన మొదటి యూఎఫ్‌సీలో హోయిస్ గ్రేసీ అనే 80 కిలోల మనిషి జియు-జిట్సుతో (మా బెల్టులూ పట్లూ వచ్చింది ఆ ఆట నుంచే) ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. అప్పటి నుంచి "చిన్నోడు పెద్దోణ్ణి కొట్టే కళ" అని మా జిమ్‌లవాళ్లమే పోస్టర్లు వేసుకుంటున్నాం. నిజమే, కానీ ఆ రాత్రి నేల మీద పోరాడటం బాగా తెలిసినవాళ్లు అతనికి పెద్దగా ఎదురుపడలేదు. ఇప్పుడు మీ ఎదురుగా నిలబడేవాడూ మీలాగే వారానికి నాలుగు రోజులు మ్యాట్ మీద దొర్లుతున్నాడు. ఇద్దరికీ టెక్నిక్ ఉన్నప్పుడు ఎవరికి బలం ఉంటే వాళ్ల వైపే మొగ్గుతుంది. బరువు విభాగాలు ఉన్నది అందుకే. వెయిట్స్ ఎత్తండి, సిగ్గేం లేదు.

అపోహ: కుస్తీ వచ్చినవాడి ముందు మనం నిలవలేం (దానికి తోబుట్టువు: నాకు కుస్తీ వచ్చు, ఇదెంత?)

పాతబస్తీ తాలీంలో (కుస్తీ నేర్పే చోట) పెరిగిన కుర్రాడొకడు మా దగ్గరికి వచ్చాడు. మొదటి రోజు, వైట్ దాటిన మా బ్లూ బెల్ట్‌లను ఒక్కొక్కరినీ ధోబీ పాట్ అనే పట్టు‌తో బట్టలు ఉతికినట్టు మ్యాట్‌కేసి కొట్టాడు. అంతా బాగానే ఉంది. కానీ కింద పడ్డాక ఏదైనా తేడా వస్తే చటుక్కున బోర్లా తిరిగేవాడు. కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్, ఆట ముగిసిపోయినట్టే. అందుకే వాడి ఒళ్లు పదేళ్లుగా ఒకటే నేర్చుకుంది: ఏమైనా సరే, వెల్లకిలా పడకు. మా ఆటలో లెక్క తలకిందులు. వెల్లకిలా పడుకుని, కాళ్లు ఎదుటివాడికీ మనకూ మధ్య పెట్టి పోరాడటానికి గార్డ్ అని పేరుంది, అక్కడి నుంచి గెలవొచ్చు కూడా. బోర్లా తిరిగారా, వీపు అప్పజెప్పినట్టే. వెనకనుంచి రెండు కాళ్లూ తొడల లోపలికి గుచ్చి, మెడ చుట్టూ చెయ్యి వేస్తే ఇంకేం మిగలదు.

ఆ కుర్రాడు మొదటి పోటీలో రెండు అద్భుతమైన టేక్‌డౌన్‌లు (పడగొట్టే పట్లు) వేసి, 4-0 పాయింట్ల ఆధిక్యంలో ఉండి, కింద నుంచి ఎదుటివాడు తిప్పబోతే అలవాటుగా బోర్లా పడి, మెడ ఇచ్చేసి ఓడిపోయాడు. ఆ ఒక్క అలవాటు మాన్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు వాడితో రోల్ (ప్రాక్టీస్ పోరు) చేయాలంటే నాకే గుండె దడ.

అపోహ: నొప్పి పుట్టాక ట్యాప్ చేస్తే సరిపోతుంది

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆసుపత్రి దాకా తీసుకెళ్లే అపోహ ఇదే.

ఆర్మ్‌బార్‌లో మోచెయ్యి చాచుకుంటూ పోతుంటే నొప్పి ముందుగానే హెచ్చరిస్తుంది. హీల్ హుక్ అలా కాదు. ఎదుటివాడు మీ మడమను తన మోచేతి మడతలో ఇరికించి తిప్పుతాడు. తిరిగేది పాదం, దెబ్బ తగిలేది మోకాలికి. కాలిపిక్క ఎముక తొడ ఎముక కింద మెలిపడుతుంటే లిగమెంట్లు చాలాసేపు మౌనంగా సాగుతాయి. నొప్పి తెలిసేసరికి తెగేది తెగిపోయి ఉంటుంది. జియు-జిట్సులో పెద్ద సంస్థ ఐబీజేజేఎఫ్ కూడా 2021 వరకు హీల్ హుక్‌ను అనుమతించలేదు. ఆ తర్వాత కూడా కోటు లాంటి యూనిఫామ్ లేకుండా ఆడే నో-గిలో, పెద్దవాళ్ల బ్రౌన్, బ్లాక్ బెల్ట్‌లకే అనుమతి ఇచ్చింది. కానీ అన్ని పోటీలూ ఆ రూల్సే పాటించవు. కొన్ని చోట్ల "అడ్వాన్స్‌డ్" అని రాసిన విభాగంలో ఎవరైనా వేయొచ్చు.

అలాంటి ఒక పోటీలో మా కుర్రాడు కాలు ఇరుక్కుని కూర్చున్నాడు. నేను మ్యాట్ అంచున మోకాళ్ల మీద కూర్చుని "ట్యాప్ చెయ్ రా! ట్యాప్!" అని గొంతు చించుకుంటున్నా. వాడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఏం కాలేదన్నట్టు. ఇంకా నవ్వుతున్నాడు కూడా. తడి కట్టెపుల్ల విరిచినట్టు ఒక చిన్న చప్పుడు. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారిపోయాయి. తర్వాత ఆటోలో, "నొప్పే రాలేదన్నా, వచ్చుంటే కొట్టేటోణ్ణి" అన్నాడు. నొప్పి రాలేదనే మాట నిజమే. తొమ్మిది నెలలు మ్యాట్ ఎక్కలేదు.

మా జిమ్‌లో ఇప్పుడొక రూలు ఉంది: మడమ చిక్కిందంటే, అది ఎటు తిరుగుతోందో మీకు అర్థం కాకపోతే, అప్పుడే ట్యాప్. చేతులు ఇరుక్కుపోతే నోటితో "ట్యాప్" అనండి, కాలితో మ్యాట్‌ను తన్నండి. చాలా పోటీల్లో నొప్పితో అరిచినా రిఫరీ ట్యాప్‌గానే తీసుకుంటాడు.

ట్యాప్ చేయకపోవడమే పౌరుషం అనేవాళ్లు 1951 నాటి రియో కథ చెబుతారు. మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా, హోయిస్ తండ్రి హెలియో గ్రేసీ చెయ్యిని వెనక్కి మెలిపెట్టాడు. హెలియో తట్టలేదు. చివరికి అన్న కార్లోస్ కార్నర్ నుంచి టవల్ విసిరాడు. ఆ పట్టుకు కిమురా పేరే ఖాయమైంది. కథ గొప్పదే. కానీ హెలియో సోమవారం పొద్దున్నే హైటెక్ సిటీ వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాల్సిన మనిషి కాదు. మీరు కూర్చోవాలి.

అపోహ: చోక్ అంటే ఊపిరి ఆడకుండా చేయడం

సరిగ్గా పడిన చోక్ గొంతు మీద ఉండదు, మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాల మీద ఉంటుంది. పది సెకన్ల లోపే కళ్లు మసకబారతాయి. ఊపిరి బాగానే ఆడుతోంది కదా అని ఆలోచిస్తుండగానే నిద్ర. లేచాక "ఏమైంది?" అని అడుగుతారు, అందరూ అదే అడుగుతారు.

అపోహ: బరువు తగ్గించుకుని కింది విభాగంలో ఆడితే గెలుపు ఖాయం

ముందు బరువు ఎప్పుడు చూస్తారో కనుక్కోండి. ఐబీజేజేఎఫ్ పోటీల్లో మీ మ్యాచ్‌కు కాసేపటి ముందే, ఒంటి మీది యూనిఫామ్‌తో సహా తూకం వేస్తారు. ఎక్కువుంటే ఇంటికే. నీళ్లు మానేసి, చెమట సూట్ వేసుకుని మూడు కిలోలు దించితే, ఆ ఎండిపోయిన ఒంటితోనే మ్యాట్ ఎక్కాలి, కోలుకునే వ్యవధే ఉండదు. ముందురోజు తూకం ఉన్న చోట కాస్త సమయం దొరుకుతుంది, కానీ ప్రమాదం ఎక్కడికీ పోదు. 1997 చివర్లో అమెరికాలో కొన్ని వారాల తేడాతో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలా బరువు దించుకుంటూ చనిపోయారు. అప్పటి నుంచి అక్కడి కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధం. మొదటి పోటీకి వెళ్లేవాళ్లకు నా మాట ఒక్కటే: మామూలుగా తింటూ ఎంత ఉన్నారో ఆ విభాగంలోనే ఆడండి. ఇడ్లీ తిని వెళ్లండి.

అపోహ: ట్యాప్ చేయిస్తే చాలు, పాయింట్లు ఎవడిక్కావాలి

ట్యాప్ చేయిస్తే నిజంగానే చాలు. చేయించలేకపోతేనే సమస్య. ఐబీజేజేఎఫ్ లెక్కలో టేక్‌డౌన్‌కు 2, కింద నుంచి తిప్పేస్తే (స్వీప్) 2, గార్డ్ దాటితే 3, మౌంట్‌కు 4, వీపు పడితే 4. ఏ పొజిషనైనా మూడు సెకన్లు నిలబెట్టాలి. మా కుర్రాడొకడు అందంగా స్వీప్ చేసి, రెండో సెకనులోనే తల తిప్పి స్కోర్‌బోర్డు చూశాడు. కిందివాడు లేచిపోయాడు, బోర్డు మీద సున్నా. అబూ ధాబీలో 1998లో మొదలైన ఏడీసీసీ అనే పోటీ రూల్స్ వేరు. మ్యాచ్ మొదటి సగంలో పాయింట్లే ఉండవు, రెండో సగంలో తనంతట తానే కింద కూర్చుంటే మైనస్. మీరు వెళ్లే పోటీ ఏ రూల్స్ మీద నడుస్తుందో చదవకుండా ఫీజు కట్టకండి.

అపోహ: జిమ్‌లో ఆరు రౌండ్లు చేస్తా, ఐదు నిమిషాల మ్యాచ్ ఒక లెక్కా?

జిమ్‌లో మీ గుండె కొట్టుకునేది వేరు, పేరు పిలిచాక కొట్టుకునేది వేరు. మొదటి పట్టులోనే ఉన్న బలమంతా పిండేస్తారు. రెండో నిమిషానికి ముంజేతులు రాళ్లవుతాయి, వేళ్లు ముడుచుకోవు. ఇది ఫిట్‌నెస్ లోపం కాదు, అందరికీ అవుతుంది. మ్యాచ్‌కు ముందు చెమట పట్టేదాకా, ఒకసారి బాగా ఆయాసం వచ్చేదాకా వార్మప్ చేస్తే కాస్త నయం. పొద్దున తొమ్మిదికి రమ్మని మధ్యాహ్నం రెండున్నరకు పిలుస్తారు కాబట్టి, ఆ వార్మప్ ఎప్పుడు చేయాలో తెలుసుకోవడమే సగం విద్య.

అపోహ: గెలిస్తే పతకం, ఓడితే పాఠం

అసలు ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే. ఈ మాట టీషర్టుల మీద కూడా వేసేస్తున్నారు. ఓటమి తనంతట తాను ఏమీ నేర్పదు. నాకైతే నేర్పలేదు.

నా మొదటి పోటీ బెంగళూరులో. రాత్రి బస్సులో వెళ్లి, నిద్రకళ్లతో మ్యాట్ ఎక్కి, రెండు నిమిషాల నలభై సెకన్లకు మౌంట్ కింద ఆర్మ్‌బార్‌కు ఓడిపోయాను. స్నేహితుడు ఫోన్‌లో వీడియో తీశాడు. సిగ్గేసి నేను తెరవలేదు. "ఆర్మ్‌బార్‌కు ఓడిపోయా, కాబట్టి ఆర్మ్‌బార్ నుంచి తప్పించుకోవడం నేర్చుకోవాలి" అని నాలుగు నెలలు అదే పని చేశా. రెండో పోటీలో మళ్లీ మౌంట్, మళ్లీ ఆర్మ్‌బార్, అదే ఎడమ చెయ్యి.

అప్పుడు తెరిచాను వీడియో. నిమిషం యాభై సెకన్ల దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి. అతను మౌంట్ ఎక్కగానే నేను రెండు చేతులూ చాచి అతని ఛాతీని పైకి నెడుతున్నాను, మంచం మీద నుంచి పరుపు తోసినట్టు. ఎడమ మోచెయ్యి పక్కటెముకలను వదిలేసింది. అతను ఆ సందులోకి మోకాలు మెల్లగా జరిపాడు. ఆ తర్వాత యాభై సెకన్లు జరిగిందంతా లాంఛనమే. నేను ఓడింది ఆర్మ్‌బార్‌కు కాదు, ఆ జానెడు సందుకు. రెండో పోటీ వీడియోలోనూ అచ్చం అదే తోపు.

అప్పటి నా కోచ్ ఏమీ అనలేదు. ఒక చేతిరుమాలు మడిచి నా మోచేతికీ పక్కటెముకలకూ మధ్య పెట్టి, ఒక వంద కిలోల మనిషిని నా మీద కూర్చోబెట్టాడు. "రుమాలు పడితే మళ్లీ మొదటి నుంచి." రెండు నెలలు ప్రతి క్లాసూ అలాగే మొదలైంది. మొదటి వారం రుమాలు నా దగ్గర పట్టుమని పది సెకన్లు నిలవలేదు.

గెలుపుతోనూ ఇదే గొడవ. తల పట్టుకుని బలంగా పిండి వైట్ బెల్ట్‌లో బంగారు పతకం తెచ్చుకున్నవాడికి, ఆ పట్టు బ్లూ బెల్ట్‌ల మీద ఎందుకు పనిచేయదో చెప్పడం మహా కష్టం. మెడలో పతకం వేలాడుతుంటే వీడియో ఎందుకు చూస్తాడు?

అందుకే పోటీ అయిన రాత్రే, ఇంకా ఒళ్లు నొప్పులుండగానే, మావాళ్ల చేత నోటుబుక్కులో రాయిస్తాను. పొజిషన్ మొదట ఎక్కడ చేజారింది, ఆ క్షణంలో నీ ఒళ్లు నీకు చెప్పకుండా ఏం చేసింది, మంగళవారం క్లాసు దేంతో మొదలుపెడదాం. "ఇంకా కష్టపడాలి" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయమంటాను. మొన్నటి పోటీ తర్వాత ఒకడు "గార్డ్ దాటేటప్పుడు కుడి చెయ్యి మ్యాట్ మీద ఆనిస్తున్నా, రెండుసార్లు అదే చెయ్యి లాగి తిప్పాడు" అని రాశాడు. మంగళవారం వాడి కుడిచేతికి గుడ్డ చుట్టి, ఆనించిన ప్రతిసారీ పది బర్పీలు వేయించాం. ఇంకొకతను ఒకటే వాక్యం రాశాడు: "కాలి గోళ్లు పెద్దగా ఉన్నాయని రిఫరీ వెనక్కి పంపితే పక్క షాపుకు పరిగెత్తి నెయిల్ కట్టర్ కొన్నా, వార్మప్ అక్కడే అయిపోయింది." దాన్ని మాత్రం కొట్టేయలేదు.