రొమ్ము దగ్గర బిడ్డ గింజుకుంటున్నాడా? పురుటి వార్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పురుటి వార్డులో సిస్టర్‌గా పన్నెండేళ్లయింది నాకు, రోజుకి ఒక్కసారైనా వినే మాట ఇది: "సిస్టర్, వీడు తాగుతూ తాగుతూ గింజుకుని వదిలేసి ఏడుస్తున్నాడు, నాకు పాలు పడట్లేదేమో". నేను ముందు అడిగేది ఒకటే, ఎప్పుడు ఏడుస్తున్నాడు? నోరు పెట్టగానేనా, రెండు నిమిషాలు తాగాకా, లేక సాయంత్రాలు మాత్రమేనా? సగం జవాబు అందులోనే ఉంటుంది.

అపోహ: వదిలేసి ఏడుస్తున్నాడంటే పాలు చాలట్లేదు

చాలాసార్లు విషయం రివర్స్. మొన్నొక అమ్మాయి అయిదు వారాల బాబుని తీసుకొచ్చింది, వెంట వాళ్లమ్మ, సంచిలో అప్పటికే కొత్త పాలడబ్బా. నా ముందే పట్టమన్నా. బాబు నాలుగు చప్పరింతలు చప్పరించాడో లేదో గుటకగుటకకీ నాలిక టక్ టక్‌మంటోంది, పొలమారింది, దగ్గి వెనక్కి విరుచుకుని కేర్‌మన్నాడు. చూస్తే రొమ్ములోంచి పాలు సన్నటి ధారగా వాడి చెంప మీద పడుతున్నాయి. "చూశారా, వీడికి తల్లిపాలు ఇష్టం లేదు" అన్నారు పెద్దావిడ. "గేదె చేపినప్పుడు దూడ ఉక్కిరిబిక్కిరవ్వడం మీరు చూళ్లేదా అమ్మమ్మగారూ" అన్నా, నవ్వేశారు. మనకీ అంతే, బిడ్డ చప్పరించగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వచ్చి పాలు చేపుకొస్తాయి, కొందరికి ఆ ధార బిడ్డ మింగగలిగే స్పీడుని దాటిపోతుంది. దానికి తోడు ఆ అమ్మాయి ముందుకి వంగి కూర్చుంది, బాబు తల వెనక చెయ్యేసి రొమ్ముకేసి నొక్కుతోంది. తల నొక్కితే ఏ బిడ్డైనా వెనక్కే తంతాడు కదా. దిండ్లేసి వెనక్కి వాల్చి కూర్చోబెట్టా, మొదటి ధార గుడ్డలోకి పోనిచ్చాం, తల వదిలేసి మెడ కింద భుజాల దగ్గర పట్టుకోమన్నా, బాబు అమ్మ పొట్ట మీద బోర్లా పడుకుని పైకి తాగాడు. డబ్బా సీలు విప్పకుండానే ఇంటికెళ్లింది.

చాలుతున్నాయో లేదో తెలిసేది డైపర్‌లో, ఏడుపులో కాదు. మొదటి వారం దాటాక 24 గంటల్లో 6 సార్లైనా ఉచ్చ పొయ్యాలి, 10-14 రోజులకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి, ఆ తర్వాత మొదటి 3 నెలలు రోజుకి సుమారు 20-30 గ్రాములు పెరగాలి. పంపుతో పిండితే కాసిన్ని వచ్చాయని బెంగ పెట్టుకోకండి, బిడ్డ లాగినట్టు పంపు లాగలేదు.

ఇక నోరు పెట్టగానే ఏడిస్తే, ముక్కు బిగిసిందేమో చూడండి (సెలైన్ చుక్కలు చాలు), లేకపోతే ప్రసవమైన 3-5 రోజుల్లో రొమ్ము రాయిలా గట్టిపడి బిడ్డ నోటికి పట్టు దొరకట్లేదేమో. అలాంటప్పుడు కొన్ని చుక్కలు చేత్తో పిండి, మొన చుట్టూ నల్లటి భాగం మెత్తబడ్డాక పట్టండి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. మొన ఒక్కటే నోట్లో ఉంటే మీకు నొప్పి, వాడికి చిరాకు.

అపోహ: తల్లి పప్పు, వంకాయ తింటే బిడ్డకి గ్యాస్

మీ పేగుల్లో గ్యాస్ మీ పేగుల్లోనే ఉంటుంది, పాలల్లోకి ఎక్కదు. బాలింత అని నెలరోజులు వట్టి కారప్పొడి అన్నం పెట్టి ఆ పిల్లని నీరసపెట్టేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. అన్నీ తినండి, కాఫీ మాత్రం రెండు కప్పులతో ఆపండి. ఒక్క మినహాయింపు, కొద్దిమంది పిల్లలకి అమ్మ తాగే ఆవుపాలు, గేదెపాలు పడవు, విరేచనంలో జిగురు, నెత్తుటి చారలు కనిపిస్తాయి. అది డాక్టర్ చూసి చెప్పాలి, మీరే అన్నీ మానేయొద్దు.

అపోహ: సాయంత్రానికి పాలు అయిపోతాయి

అయిపోవు. చాలామంది పిల్లలు సాయంత్రం గంటకోసారి, అరగంటకోసారి అడుగుతారు, ఏడుపు కూడా రెండో వారం నుంచి పెరిగి 6 వారాలప్పుడు బాగా ఎక్కువై 3-4 నెలలకి తగ్గుతుంది, ఇది ఏ ఇంట్లోనైనా ఉండేదే. ఎంత లాగితే అంత తయారవుతాయి కాబట్టి ఆ టైమ్‌లో డబ్బా పడితే మీ పాలే తగ్గుతాయి. దిష్టి తీస్తారా, తియ్యండి, నాకేం అభ్యంతరం లేదు, ఆ ఎండుమిరపకాయల పొగ మాత్రం బిడ్డ ముక్కు దాకా రానివ్వకండి.

అపోహ: వస, ఆముదం, తేనె, గ్రైప్ వాటర్ పడితే సర్దుకుంటుంది

ఏదీ వద్దు. తల్లిపాలల్లో 87 శాతం నీళ్లే, 6 నెలలదాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు తేనెతో బొట్యులిజం (కండరాలు చచ్చుబడిపోయే ప్రమాదకరమైన జబ్బు) భయం ఉంది, ఆముదం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా.

ఇవి కాక నాలిక మీద తుడిచినా పోని తెల్ల మచ్చలుంటే చూపించండి, అర్జెంటేం కాదు. పచ్చరంగు వాంతి, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, పెదాలు నీలంగా మారడం, తాగుతుంటే నుదురంతా చెమటపట్టి ఆయాసపడటం, లేపినా లేవకుండా తాగకుండా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే వెంటనే హాస్పిటల్‌కి బయల్దేరండి, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.